వచ్చిపోయే దీపం: మోటారు సైకిలు ఇంజిన్ లోపాన్ని కనిపెట్టే పద్ధతి

చలిజ్వరం వచ్చిన రోగి వైద్యుని వద్దకు వెళ్ళేసరికి ఒళ్ళు చల్లబడి ఉండవచ్చు. అనుభవజ్ఞుడైన వైద్యుడు నాడి చూసి “జ్వరం లేదు” అని పంపివేయడు. జ్వరం ఏ వేళకు వచ్చింది, ఎంతసేపు నిలిచింది, మళ్ళీ ఎన్నాళ్ళకు తిరగబెట్టింది అని అడుగుతాడు. మోటారు సైకిలు మీద అప్పుడప్పుడు వెలిగి ఆరిపోయే చెక్ ఇంజిన్ దీపం కూడా ఇటువంటి జ్వరమే. దారిలో వెలుగుతుంది, మెకానిక్ ఎదుట ఆరిపోతుంది.

ఇటువంటి సందర్భంలో యజమానులు సాధారణంగా రెండు పొరపాట్లు చేస్తారు. దీపం ఆరింది కదా అని ఊరుకోవడం మొదటిది. తోచిన విడిభాగాన్ని మార్చి చూడడం రెండవది. మొదటి దాని ఫలితంగా వాహనం హైవే నడిమి వరుసలో ఆగిపోవచ్చు. రెండవ దాని వలన డబ్బు పోతుంది, లోపం మిగులుతుంది. ఈ రెండింటికీ నడుమ క్రమబద్ధమైన మార్గం ఒకటి ఉన్నది.

దీపం వెనుక కథ

కార్బొరేటర్ల కాలంలో ఈ దీపం అవసరం ఉండేది కాదు. 1980లో కవాసాకీ సంస్థ జెడ్ 1000 నమూనాలలో ఒకదానికి ఎలక్ట్రానిక్ ఫ్యూయెల్ ఇంజెక్షన్ అమర్చింది. క్రమంగా తక్కిన తయారీదారులూ ఆ దారి పట్టారు. భారతదేశంలో 2020 ఏప్రిల్ 1న బి.ఎస్. 6 కాలుష్య ప్రమాణాలు అమలులోకి వచ్చిన తరువాత ఆంధ్ర, తెలంగాణ పల్లెదారులలో తిరిగే సాధారణ మోటారు సైకిళ్ళకు సైతం ఈ పద్ధతి, దానితోపాటు ఈ దీపం వచ్చాయి.

అమెరికాలో 1996 మోడల్ సంవత్సరం నుండి కార్లకు ఒకే రకమైన లోపనిర్ధారణ పద్ధతి తప్పనిసరి అయింది. ఆ నిబంధన మోటారు సైకిళ్ళకు వర్తించలేదు. అందువలన కారు కోసం కొన్న స్కానర్ మోటారు సైకిలుకు అమరకపోవచ్చు. యూరప్‌లో 2020లో మొదలైన యూరో 5 ప్రమాణాల తరువాతి వాహనాలకు సరైన అడాప్టర్ ఉంటే సాధారణ స్కానర్ చాలావరకు పనిచేస్తుంది. పాత వాహనాలలో స్కానర్ లేకుండానే కోడ్ చదివే ఏర్పాటు తరచు ఉంటుంది. ఉదాహరణకు అనేక హోండా వాహనాలలో దీపమే మినుకుతూ అంకె చెబుతుంది. దీర్ఘమైన మినుకు పదులను, పొట్టి మినుకు ఒకట్లను సూచిస్తుంది. రెండు దీర్ఘాలు, ఒక పొట్టి కలిస్తే 21, అంటే ఆక్సిజన్ సెన్సర్. ఏడు పొట్టి మినుకులైతే కూలంట్ ఉష్ణోగ్రత సెన్సర్. ఇతర సంస్థల సంకేతాలు వేరు. ఆయా వాహనాల సర్వీస్ మాన్యువల్ చూడకుండా అర్థం చెప్పరాదు.

కోడ్ అర్థం ఏమిటి?

అసలు కిటుకు ఇక్కడే ఉన్నది. కోడ్‌లో సెన్సర్ పేరు కనిపించగానే సెన్సర్ చెడిందని భావించడం సరికాదు. కూలంట్ సెన్సర్‌నే తీసుకొంటే, ఇంజిన్ కంప్యూటర్ దానికి లోపలి నిరోధం గుండా 5 వోల్టులు పంపుతుంది. సెన్సర్ నిరోధం చల్లగా ఉన్నప్పుడు ఎక్కువ, వేడెక్కిన కొద్దీ తక్కువ. అనేక వాహనాలలో ఇది 20 డిగ్రీల సెంటిగ్రేడు వద్ద సుమారు 2,000 నుండి 3,000 ఓమ్‌లు, 80 డిగ్రీల వద్ద సుమారు 300 ఓమ్‌లు ఉంటుంది. దానిని బట్టి మారే వోల్టేజిని కంప్యూటర్ ఉష్ణోగ్రతగా లెక్కిస్తుంది.

ఇప్పుడు వైరు తెగిందంటే వోల్టేజి 5 దగ్గరే నిలిచిపోతుంది. కంప్యూటర్ దృష్టిలో ఇంజిన్ ధ్రువప్రాంతంలో ఉన్నంత చల్లగా ఉన్నట్లు లెక్క. అదే వైరు ఫ్రేముకు తగిలితే వోల్టేజి సున్నా అవుతుంది, ఇంజిన్ నిప్పులకుంపటి అయినట్లు లెక్క. రెండూ నమ్మదగినవి కావు గనుక కంప్యూటర్ కోడ్ నమోదు చేసి, దీపం వెలిగించి, ఒక ఊహా ఉష్ణోగ్రతతో ఇంజిన్‌ను నడుపుతుంది. కోడ్ చెప్పేది “ఈ మార్గంలో వోల్టేజి హద్దు దాటింది” అని మాత్రమే. సెన్సర్, కనెక్టర్, వైరు మూడూ అనుమానితులే. కంప్యూటర్‌ను అనుమానించడం చిట్టచివరి మాట.

వచ్చిపోయే లోపానికి కారణాలు

పూర్తిగా చెడిన భాగం ఎల్లప్పుడూ చెడినట్లే ఉంటుంది. వచ్చిపోయే లోపం సాధారణంగా అతుకులలో ఉంటుంది. వాటిని కదిలించేవి నాలుగు.

మొదటిది వేడి. పైతొడుగు లోపల తెగిన రాగి తీగ చల్లగా ఉన్నప్పుడు అంటుకొని, వేడికి విడిపోవచ్చు. రెండవది అదురు. కనెక్టర్ పిన్నులు ఏళ్ళ తరబడి సూక్ష్మంగా రాసుకొని, వాటి తగరపు పూత ఆక్సైడుగా మారి, విద్యుత్తుకు అడ్డుపడుతుంది. మూడవది నీరు. వాన తరువాత, లేదా వాహనం కడిగిన తరువాత దీపం వెలిగితే కనెక్టర్లో పచ్చని చిలుము ఉన్నదేమో చూడాలి. నాలుగవది బలహీనమైన బ్యాటరీ. మంచు ప్రాంతాలలో శీతాకాలమంతా గరాజులో నిలిపిన వాహనానికి వసంతంలో ఈ చిక్కు తరచు వస్తుంది. ఎలుకలు కొరికిన వైర్లు కూడా అప్పుడే బయటపడతాయి.

ఒకేసారి మూడు నాలుగు కోడ్‌లు వస్తే అన్ని సెన్సర్లూ కలిసి చెడ్డాయని అనుకోరాదు. వాటన్నిటికీ ఉమ్మడిగా ఉన్న 5 వోల్టుల సరఫరా, ఎర్త్ వైరు, బ్యాటరీలను ముందుగా చూడాలి.

పరీక్షా క్రమం

1. చీటీ వ్రాయడం. దీపం వెలిగిన ప్రతిసారీ బండి ఆగిన తరువాత ఇంజిన్ ఎంతసేపటి నుండి నడుస్తున్నది, వేగం ఎంత, వాన ఉన్నదా, రోడ్డు గతుకులదా, హ్యాండిల్ తిప్పినప్పుడా అన్నవి వ్రాసుకోవాలి. ఐదారు సార్లకు సామ్యం కనిపిస్తుంది.

2. కోడ్ చదవడం. బ్యాటరీ తీగ ఊడదీయక ముందే చదవాలి. కొన్ని వాహనాలలో తీగ తీస్తే సాక్ష్యం చెరిగిపోతుంది.

3. విద్యుత్తు. నిలకడలో నిండు బ్యాటరీ 12.6 వోల్టులు లేదా పైన చూపాలి. ఇంజిన్ మధ్యస్థ వేగంలో నడుస్తుండగా సుమారు 13.5 నుండి 14.5 వరకు ఉండాలి. ఇంజిన్ దిమ్మకు, బ్యాటరీ నెగటివ్ కొనకు మధ్య తేడా 0.1 వోల్టు మించితే ఎర్త్ అతుకును శుభ్రం చేయాలి. ఇంజిన్‌ను మూసిన గరాజులో నడపరాదు. కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన లేదు, ప్రాణం తీస్తుంది.

4. అతుకులు. కోడ్ సూచించిన కనెక్టర్‌ను విప్పి చిలుము, వంగిన పిన్ను, వదులు పిన్ను కోసం చూడాలి.

5. కదిలించి చూడడం. మల్టీమీటర్‌ను అమర్చి, వైర్ల కట్టను జానెడు జానెడుగా మెల్లగా కదుపుతూ అంకె ఎక్కడ గెంతుతుందో గమనించాలి. వేడికే వచ్చే లోపమైతే తల ఆరబెట్టుకొనే డ్రయ్యర్‌తో అతుకును వెచ్చచేయాలి.

ఒక ఉదాహరణ

ఒక వాహనంలో బయలుదేరిన ఇరవై నిమిషాలకు దీపం వెలుగుతుంది, చల్లారితే ఆరుతుంది, కోడ్ 7 అనుకొంటే, యజమాని కొత్త కూలంట్ సెన్సర్ వేస్తాడు. వారం తరువాత దీపం మళ్ళీ వెలుగుతుంది. పాత సెన్సర్‌ను గిన్నె నీటిలో ముంచి వేడి చేస్తూ కొలిస్తే నిరోధం సక్రమంగా తగ్గుతూ వస్తుంది. అంటే దానిలో దోషం లేదు. ఇక మిగిలినవి వైరు, కనెక్టర్. డ్రయ్యర్ వేడి తగలగానే సిగ్నల్ వైరులో వోల్టేజి ఒక్కసారిగా 5కు గెంతుతుంది. కనెక్టర్లోని ఆడపిన్ను సడలి, వేడికి పట్టు వదులుతున్నది. ఆ పిన్ను మార్చితే సరిపోయేది. సెన్సర్ ఖర్చు అనవసరం.

ఎప్పుడు ఆగాలి?

దీపం స్థిరంగా వెలిగి, ఇంజిన్ మామూలుగా నడుస్తుంటే జాగ్రత్తగా ఇంటికి చేరవచ్చు. శక్తి తగ్గినా, ఇంజిన్ ఎగిరెగిరి పడినా, ఆగి ఆగి నడిచినా రోడ్డు పక్కకు తీయాలి. నడుస్తుండగా మినుకడానికి అర్థం సంస్థను బట్టి మారుతుంది గనుక యజమాని పుస్తకంలో ముందే చదివి ఉంచుకోవాలి. ఎర్రని ఆయిల్ దీపం వేరు. అది వెలిగితే సురక్షితమైన చోట వెంటనే ఇంజిన్ ఆపివేయాలి.

మరమ్మతు ముగిసిన తరువాత కోడ్ చెరిపి, చీటీలో వ్రాసిన పరిస్థితులలోనే మళ్ళీ నడపాలి. ఇరవై నిమిషాల వేడిలో వచ్చిన లోపాన్ని ఐదు నిమిషాల ప్రయాణంతో పరీక్షించి ప్రయోజనం లేదు. అదే దూరం, అదే వేడి, అదే గతుకుల రోడ్డు మీద రెండు మూడుసార్లు తిరిగినా దీపం వెలగకపోతే, అప్పుడు జ్వరం తగ్గినట్లు లెక్క.