కారు దిగకపోవడమే మర్యాద

పిల్లలూ! మన దగ్గర పోలీసు బండి ఆపితే డ్రైవరు వెంటనే దిగి, కాగితాలు పట్టుకుని ఎదురు వెళ్తాడు. అది మర్యాద అనుకుంటాం. అమెరికా ఫ్రీవేలో మాత్రం, దిగమని చెప్తే తప్ప దిగకూడదు. చదువుకోసం అక్కడికి వెళ్లే మన తెలుగు పిల్లలు తెలుసుకోవలసిన విషయమిది.

ఎందుకు? అక్కడ వాహనాలు గంటకు వంద కిలోమీటర్లు దాటి పోతుంటాయి. ఆపిన కారు దగ్గర నిలబడ్డ పోలీసుకు రెండు భయాలు: కారులో ఉన్నది ఎలాంటివారో తెలియదు, వెనుక నుంచి ఏ బండి దూసుకొస్తుందో తెలియదు. అందుకే చాలాసార్లు వాహనాలు పోయే వైపు కాక, అవతలి కిటికీ దగ్గరకు వస్తారు. డ్రైవరు చేతులు స్టీరింగుపై కనబడేలా ఉంచి, అడిగాకే, చెప్పి కాగితాలు తీయాలి.

దారిన పోయేవారికీ బాధ్యత ఉంది. ఆగిన పోలీసు బండి కనిపిస్తే పక్క వరుసకు జరగాలి. వీలుకాకపోతే వేగం తగ్గించాలి. ఈ 'మూవ్ ఓవర్' చట్టాన్ని 1996లో సౌత్ కరోలినా మొదట చేసింది. 2012లో హవాయి కూడా చేయడంతో 50 రాష్ట్రాల్లోనూ అమలైంది.

బదిలీ అయిన ప్రతి ఊళ్లో నేను మొదట నేర్చుకున్నది అక్కడి మర్యాదే. ఊరిని బట్టి మర్యాద మారుతుంది. రోడ్డు పక్కన నిలబడ్డ మనిషి క్షేమంగా ఇల్లు చేరాలన్నది మాత్రం ఎక్కడా మారదు.

ఆలోచించండి: మన రహదారిపై పనిచేస్తున్న పోలీసు కనిపిస్తే మీ ఇంటివారు బండి వేగం తగ్గిస్తున్నారా?