ఊరి వీరగల్లును ఫోన్‌తో త్రీడీ స్కాన్ చేయడం ఎలా? లైడార్ ఒక్కటే చాలదు!

మాది చిన్న మంగళారం. పోయినేడు అమ్మమ్మ వాళ్ల ఊళ్లో, చెరువు కట్ట మీదున్న వీరగల్లును ఫోన్ లైడార్‌తో రెండు నిమిషాల్లో స్కాన్ చేసేసి, పనైపోయిందనుకున్నా. ఈసారి జాతరకు వెళ్తే రాయికి మందంగా ఆయిల్ పెయింట్ వేసి ఉంది. భక్తితో వేసిందే. కానీ వీరుడి కాళ్ల కింద ఉన్న రెండు వరుసల అక్షరాలు పూడిపోయాయి. నా ఫైల్ తెరిస్తే వీరుడి ఆకారం ఉంది, అక్షరాలు లేవు.

వీరగల్లు అంటే యుద్ధంలోనో, ఊరి పశువులను కాపాడుతూనో చనిపోయిన వీరుడి గుర్తుగా నిలిపిన రాయి. చైనాలో 1974లో బావి తవ్విన రైతులకు దొరికిన షియాన్ మట్టి సైనికులూ సమాధి శిల్పాలే. వాటి మీది రంగు పొడిగాలి తగిలిన కొద్ది నిమిషాల్లోనే ముడుచుకుని రాలిపోయేది. అక్కడ రంగు పోయి నష్టం, మా దగ్గర రంగు వేసి నష్టం!

ఫోన్ లైడార్ నుంచి యాప్‌లకు వచ్చే డెప్త్ మ్యాప్ సాధారణంగా 256×192, అంటే దాదాపు 49 వేల పాయింట్లు. గది కొలతలకు ఓకే, సన్నని అక్షరాలకు చాలదు. అందుకే ఫొటోగ్రామెట్రీ వాడాలి. అంటే చాలా ఫొటోల నుంచి త్రీడీ మోడల్ కట్టడం.

1. ముందు ఊరి పెద్దలను అడగండి. రాయిని గీకొద్దు, సుద్ద, నూనె పూయొద్దు.
2. మబ్బు పట్టిన రోజు బెస్ట్. ఫ్లాష్ వద్దు.
3. మెయిన్ కెమెరానే వాడండి. ఫోకస్, ఎక్స్‌పోజర్ లాక్ చేయండి.
4. మూడు ఎత్తుల్లో రాయి చుట్టూ తిరుగుతూ 80 నుంచి 100 ఫొటోలు తీయండి. పక్కపక్క ఫొటోల్లో 70 శాతం కలవాలి. అక్షరాల దగ్గర ఇంకో 30 తీయండి.
5. పక్కన ఒక స్కేలు పెట్టండి, అసలు సైజు తెలుస్తుంది.
6. రియాలిటీస్కాన్ లేదా పాలీక్యామ్‌లో మోడల్ చేయండి. కంప్యూటర్‌లో ఎన్‌విడియా గ్రాఫిక్స్ కార్డు ఉంటే ఉచితంగా దొరికే మెష్‌రూమ్ వాడొచ్చు.

మోడల్ వచ్చాక టెక్స్చర్ తీసేసి, లైట్‌ను పక్క నుంచి తిప్పండి. కంటికి ఆనని గీతలు కూడా నీడలతో తేలతాయి. బెంగళూరులో మిథిక్ సొసైటీ 2021 నుంచి శాసనాలను, వీరగల్లులను త్రీడీలోకి ఎక్కిస్తోంది.

ఒరిజినల్ ఫొటోలు డిలీట్ చేయొద్దు. ఊరి పేరు, తేదీ రాసి రెండు చోట్ల దాచండి. రేపు మంచి సాఫ్ట్‌వేర్ వస్తే వాటితోనే ఇంకా మంచి మోడల్ చేయొచ్చు.

ఆ రెండు వరుసలను నేనిక తేలేను. మీ ఊరి రాయికి ఇంకా పెయింట్ పడకపోతే మాత్రం, ఈ ఆదివారమే వెళ్లండి.