పెట్టెలు మోసిన బాలిక

2012లో లండన్ నగరంలో ఒలింపిక్ క్రీడలు జరిగాయి. క్రీడాకారుల దుస్తుల పెట్టెలను మోసే స్వచ్ఛంద సేవకులలో పదహారేళ్ల బాలిక ఒకతె ఉండేది. ఆమెయే డీనా ఆషర్ స్మిత్.

మూడేళ్లు గడిచాయి. 2015లో అదే మైదానంలో ఆమె 100 మీటర్ల పరుగును 10.99 సెకన్లలో ముగించింది. పదకొండు సెకన్లలోపు ఆ దూరాన్ని పూర్తిచేసిన తొలి బ్రిటిష్ మహిళగా కీర్తి గడించింది. అప్పటికామె లండన్‌లోని కింగ్స్ కళాశాలలో చరిత్ర విద్యార్థిని. పరుగు కోసం ఆమె చదువును విడువలేదు.

2017 ఫిబ్రవరిలో సాధన చేస్తుండగా పాదం ఎముక విరిగింది. అయినా ఆ ఏడే పట్టభద్రురాలైంది. ఆగస్టులో మళ్లీ అదే మైదానంలో జరిగిన ప్రపంచ పోటీలలో 200 మీటర్ల పందెంలో నాలుగవ స్థానంలో నిలిచింది. రిలేలో సహచరులతో కలిసి రజతం సాధించింది.

2018లో బెర్లిన్‌లో జరిగిన ఐరోపా పోటీలలో మూడు స్వర్ణాలు ఆమెను వరించాయి. 2019లో దోహాలో 200 మీటర్లను 21.88 సెకన్లలో పరుగెత్తి ప్రపంచ విజేత అయింది. వేగపు పరుగులో ఆ ఘనత సాధించిన తొలి బ్రిటిష్ మహిళ ఆమెయే.

2021లో టోక్యో ఒలింపిక్స్‌కు ముందు తొడ కండరం గాయపడింది. 100 మీటర్లలో ఫైనల్ చేరలేకపోయింది. 200 మీటర్ల నుండి తప్పుకొన్నది. కన్నీటితో వెనుదిరిగినా, కొద్ది రోజులకే రిలేలో పరుగెత్తి జట్టుకు కాంస్యం దక్కడంలో పాలుపంచుకొన్నది. గాయం ఆమె వేగాన్ని తగ్గించగలిగినదే గాని, సంకల్పాన్ని సడలించలేకపోయింది.