ముర్రుపాలు - శిశువు ప్రేగులకు తొలి తోడు

బిడ్డ పుట్టగానే నాలుకపై తేనె రాయడం, ముర్రుపాలు పిండి పారబోయడం, పాలు పడేవరకు పంచదార నీళ్ళు పట్టడం మన ఇళ్ళలో చిరకాలంగా ఉన్న అలవాట్లు. ప్రసవించిన మూడు, నాలుగు రాత్రులకు గాని స్తన్యం ప్రవర్తించదని చెప్పి, తొలినాళ్ళకు తేనె, నెయ్యి విధించింది సుశ్రుతసంహిత. దానిని అనుసరించి నేను కూడ కొంతకాలం తేనె నాకించమనే చెప్పాను. ఆ సలహాను ఎందుకు విడిచితినో వివరిస్తాను.

ఆరోగ్యవతియైన తల్లి పాలలో సూక్ష్మజీవులుండవని వైద్యులు చాలాకాలం భావించారు. 2003లో స్పెయిన్ శాస్త్రజ్ఞులు అట్టి పాల నుండే లాక్టిక్ ఆమ్లాన్ని తయారుచేసే బాక్టీరియాను వేరుచేశారు. పెరుగును తోడుపెట్టే జీవులకు ఇవి దగ్గరి చుట్టాలు.

చనుబాలలో మరొక విశేషం కలదు. ఒలిగోశాకరైడ్లు అనే చక్కెరలు వాటిలో సుమారు 200 రకాలుంటాయి. ముర్రుపాలలో ఇవి మరింత అధికం. శిశువు వీటిని జీర్ణించుకోలేదు. ఇవి ప్రేగులలోని బిఫిడోబాక్టీరియాకు ఆహారం. ఆ జీవులను 1899లో పారిస్‌లోని పాశ్చర్ సంస్థలో హెన్రీ టిస్సియే చనుబాలు త్రాగే శిశువు మలంలో గుర్తించాడు. అవి ఆమ్లాన్ని పుట్టించి హానికర క్రిములను అణచివేస్తాయి. అనగా తోడు, ఆ తోడుకు మేత - రెండూ తల్లిపాలలోనే ఉన్నాయి.

ఈ మేలు ఎంతటిదో ఒడిశా గ్రామాలలో జరిగి, 2017లో ప్రకటితమైన పరిశోధన తెలుపుతుంది. 4,556 మంది నవజాత శిశువులలో సగం మందికి చనుబాలతోపాటు లాక్టోబాసిల్లస్ ప్లాంటారమ్‌ను, దాని మేతతో కలిపి 7 రోజులు ఇచ్చారు. తక్కినవారికంటే వీరిలో సెప్సిస్, మరణాలు కలిపి 40 శాతం తగ్గాయి. అయితే ఇది వైద్యుల పర్యవేక్షణలో జరిగినది. అంగడిలోని పొడులను స్వయంగా కొని పట్టరాదు.

ఇక తేనె సంగతి. అందులో బోటులినమ్ క్రిమి బీజాలుండవచ్చు. పసికందు ప్రేగులలో అవి మొలకెత్తి, కండరాలను చచ్చుబరచే విషాన్ని పుట్టిస్తాయి. కనుక ఏడాది నిండనిదే తేనె చుక్కయినా ఇవ్వరాదు.

ఆచరించవలసినవి:

1. పుట్టిన గంటలోపు బిడ్డను రొమ్ముకు పట్టించండి. ముర్రుపాలు పసుపుగా, కొద్దిగా ఉన్నా చాలును.
2. ఆరు నెలలు చనుబాలు తప్ప నీళ్ళు కూడ వద్దు. వైద్యులు వ్రాసిన మందులకు మాత్రం మినహాయింపు.
3. బాలింతకు యాంటిబయాటిక్ వ్రాసినచో, వైద్యునడగకుండా పాలు మాన్పించకండి.
4. శిశువు పాలు త్రాగకపోయినా, ఒళ్ళు కాలినా, చల్లబడినా గృహవైద్యం చేయక వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్ళండి.

పెద్దల ఆచారాన్ని కాదనడానికి ఇంటివారు జంకుతారు. కాని బిడ్డ క్షేమాన్ని కోరియే పెద్దలు ఆ ఆచారాన్ని పెట్టారు. అదే కోరికతో నేడు దానిని మార్చుకోవచ్చును.