చెమట ఆరకముందే కూలి

నమాజు, రోజాల గురించి మనం తరచూ మాట్లాడుకుంటాం. మన దగ్గర పనిచేసినవాడి కూలి కూడా ధర్మంలో భాగమేనన్న సంగతి మాత్రం చాలామంది మరచిపోతున్నారు.

భద్రాచలం అడవుల్లో ఎండాకాలం గిరిజనులు తునికాకు కోసి, యాభై ఆకులకొక కట్ట చొప్పున కట్టి కల్లానికి చేరుస్తారు. మిరప కోతలకు ఛత్తీస్‌గఢ్ నుంచి వలస కూలీలు చర్ల, దుమ్ముగూడెం, ఖమ్మం ప్రాంతాలకు వస్తారు. కోతలు ముగియగానే సరిహద్దు దాటి వెళ్ళిపోతారు. “మిగతా డబ్బు వచ్చే ఏడాది చూద్దాంలే” అని పంపేస్తే వారు ఎవరితో చెప్పుకోగలరు?

కూలి ఎగవేత ఎంతటి పాపం?

కూలివాని చెమట ఆరకముందే కూలి ఇచ్చేయాలని దైవప్రవక్త (స) ఆదేశించినట్లు ఇబ్నె మాజా హదీసులో ఉంది. బుఖారీ హదీసు ప్రకారం ప్రళయదినాన ముగ్గురికి వ్యతిరేకంగా స్వయంగా అల్లాహ్‌యే వాదిగా నిలుస్తాడు. పని పూర్తిగా చేయించుకుని కూలి ఇవ్వనివాడు వారిలో ఒకడు. కూలి కోసం పోరాడే బలం లేనివాడి తరఫున విశ్వప్రభువే నిలబడితే, మనం ఏం జవాబు చెప్పుకుంటాం?

ముందే తేల్చుకోవాలి

మూసా (అ) మద్‌యన్‌లో పనికి కుదిరిన వృత్తాంతం ఖసస్ సూరాలో ఉంది. ఎనిమిదేళ్ళు తప్పనిసరి, పదేళ్ళు చేస్తే ఆయన ఇష్టం అని గడువు ముందే స్పష్టమైంది. అలాగే కూలి డబ్బుగానా, మిరపకాయలుగానా, ఎంత అన్నది పని మొదలుకాకముందే తేలాలి. కట్టలు లెక్కించేటప్పుడు కొసరు పేరుతో ఎక్కువ లాక్కోవడం ముతఫ్ఫిఫీన్ సూరా ఖండించిన తూకపు మోసం లాంటిదే.

టిప్పు ఎవరిది?

హోటల్లో గిరాకీ సంతోషంగా సర్వరుకిచ్చే టిప్పు సర్వరు సొమ్ము. అది గల్లాపెట్టెలో పడినా యజమాని దగ్గర అమానతే. టిప్పు యజమాని ఇచ్చే జీతం కాదని 2016లో ఒక ఆదాయపు పన్ను కేసులో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. టిప్పులు వస్తున్నాయి కదా అని ఒప్పుకున్న జీతం తగ్గించడం అన్యాయం.

చట్టం ఏమంటుంది?

2019 నాటి వేతనాల కోడ్ 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చింది. దాని ప్రకారం రోజుకూలి ఆ రోజు పని ముగియగానే, నెల జీతం మరుసటి నెల 7వ తేదీలోగా అందాలి. పని మానినా, మాన్పించినా రెండు పనిదినాల్లో లెక్క తీర్చాలి. బాకీపై 3 ఏళ్ళలోపు ఫిర్యాదు చేయవచ్చు. చెల్లించినట్లు రుజువు చూపవలసిన భారం యజమానిదే. కనుక ఇచ్చేవారూ, పుచ్చుకునేవారూ రోజులు, డబ్బు పుస్తకంలో రాసుకోవాలి.

వెళ్ళిపోయినవారి బాకీ

గుహలో చిక్కుకున్న ముగ్గురి హదీసు మనకు తెలిసిందే. వారిలో ఒకడు, కూలి తీసుకోకుండా వెళ్ళిపోయిన పనివాని సొమ్మును పెంచి, అతను తిరిగి వచ్చినప్పుడు పశువుల మందతో సహా అంతా అప్పగించాడు. ఆ కర్మను అడ్డుపెట్టుకుని దుఆ చేయగా బండరాయి తొలగింది.

మన బాకీ ఉన్న కూలీ సరిహద్దు అవతల ఉన్నా బాకీ తీరదు. మేస్త్రీ ద్వారానో, తోటి కూలీల ద్వారానో వెతికించాలి. అతను మరణించి ఉంటే వారసులకివ్వాలి. ఎంత వెతికినా ఆచూకీ దొరకనప్పుడే అతని పేరిట సదఖా చేయాలి. తర్వాత అతను వచ్చి అడిగితే ఇచ్చేందుకు సిద్ధంగా ఉండాలి. అతను ముస్లిమైనా, కాకపోయినా హక్కు ఒక్కటే. దాసుల హక్కు తీర్చకుండా నోటితో చేసే తౌబా సరిపోదు.

పరుల కష్టార్జితం మన అన్నంలో కలవకుండా అల్లాహ్ మనల్ని కాపాడుగాక! ఆమీన్.