పెరటి కోళ్ల గుడ్లకు గిట్టుబాటు ధర నిర్ణయం: వ్యయ గణన విధానం

సారాంశం

పెరటి కోళ్ల పెంపకందారులు తమ గుడ్లను సాధారణంగా పంజరపు కోళ్ల గుడ్ల బజారు ధరను బట్టి, దానిపై ఒకటి రెండు రూపాయలు చేర్చి అమ్ముతున్నారు. ఈ రెండు రకాల ఉత్పత్తుల వ్యయ స్వరూపం వేరు కనుక ఈ పద్ధతి శాస్త్రీయం కాదు. 20 గ్రామప్రియ పెట్టల మందను నమూనాగా తీసుకొని గుడ్డు ఉత్పత్తి వ్యయాన్ని లెక్కించే క్రమాన్ని ఈ వ్యాసం వివరిస్తుంది. మొత్తం వ్యయంలో దాదాపు సగం కుటుంబ శ్రమ విలువేనని, దానిని లెక్కలో చేర్చనందువల్లనే పెంపకం లాభసాటిగా కనిపిస్తున్నదని ఈ గణన తెలుపుతుంది.

ముఖ్య పదాలు: పెరటి కోళ్లు, గ్రామప్రియ, ఉత్పత్తి వ్యయం, కుటుంబ శ్రమ, గుడ్డు ధర

పరిచయం

మన దేశంలో గుడ్ల టోకు ధరలకు జాతీయ గుడ్ల సమన్వయ సంఘం (నెక్) ప్రకటించే ధర ఆధారంగా ఉంటున్నది. 1982లో ఏర్పడిన ఈ సంఘం హైదరాబాదు, విజయవాడ వంటి కేంద్రాలకు వేర్వేరుగా సూచనా ధరలను ప్రకటిస్తుంది. ఈ ధర వేల సంఖ్యలో కోళ్లను పంజరాలలో పెంచే రైతులను ఉద్దేశించినది. అక్కడ ఒక్కొక్క కోడి ఏడాదికి 300కు పైగా గుడ్లు పెడుతుంది. రోజుకు సుమారు 110 గ్రాముల సమీకృత దాణా తింటుంది. వ్యయంలో అధిక భాగం దాణాదే. కాబట్టి ఆ ధర ప్రధానంగా మొక్కజొన్న, సోయా చెక్కల ధరలను అనుసరించి కదులుతుంది.

పెరటి మంద పరిస్థితి ఇందుకు భిన్నం. కోడి తన ఆహారంలో కొంత భాగాన్ని పురుగులు, గడ్డి గింజలు, లేత ఆకుల రూపంలో తానే వెదకుకొంటుంది. గుడ్ల సంఖ్య తక్కువ. కుక్కలు, ముంగిసలు, గద్దల వల్ల నష్టం ఎక్కువ. మంద చిన్నది కావడం వల్ల ఒక్కొక్క గుడ్డుపై పడే శ్రమ భారం అధికం. ఈ శ్రమ చాలా వరకు ఇంటి స్త్రీలది. ఏ పద్దులోనూ చేరనిది.

గణన విధానం

గ్రామప్రియ జాతిని హైదరాబాదు రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ పెరటి పెంపకం కోసం రూపొందించినది. నమూనా మందలో ఆరు వారాల వయస్సు గల 25 పిల్లలను కొనగా 20 పెట్టలు గుడ్ల దశకు చేరాయని, ఏడాది చివరకు 16 మిగిలాయని భావిద్దాం. సగటు మంద 18 పెట్టలు. పెట్టకు ఏడాదికి 150 గుడ్ల చొప్పున 2,700 గుడ్లు వస్తాయి. పగిలినవి, చెడినవి 4 శాతం తీసివేయగా 2,592 మిగులుతాయి. ఇంట్లో తిన్న గుడ్లు కూడా ఉత్పత్తే కనుక వాటిని ఇందులో నుండి తగ్గించరాదు. కింది రేట్లు గణన క్రమాన్ని చూపడానికి తీసుకొన్నవి; వాటి స్థానంలో స్థానిక ధరలను వేసుకోవాలి.

1. మంద తరుగుదల: పిల్లల ఖరీదు రూ. 3,000. గుడ్ల దశ వరకు 120 రోజులకు 90 కిలోల మేత, కిలో రూ. 24 చొప్పున రూ. 2,160. మొత్తం రూ. 5,160. ఏడాది చివర 16 పెట్టలను రూ. 250 చొప్పున అమ్మగా వచ్చే రూ. 4,000 తీసివేస్తే నికర తరుగుదల రూ. 1,160.

2. గుడ్ల దశలో మేత: రోజుకు పెట్టకు 50 గ్రాముల నూకలు, జొన్నలు, తవుడు. 365 రోజులకు 328.5 కిలోలు; రూ. 7,884.

3. టీకాలు, నట్టల మందు, గుల్ల పొడి: రూ. 600.

4. గూడు: రూ. 6,000 ఖర్చుతో కట్టినది ఐదేళ్లు నిలిస్తే ఏడాదికి రూ. 1,200.

5. కుటుంబ శ్రమ: గూడు తీయడం, ఊడ్చడం, మేత, నీరు, గుడ్లు ఏరడం, సాయంత్రం కోళ్లను కమ్మడం కలిపి రోజుకు 45 నిమిషాలు. ఏడాదికి 273.75 గంటలు, గంటకు రూ. 40 చొప్పున రూ. 10,950.

ఫలితాలు – చర్చ

మొదటి నాలుగు అంశాల మొత్తం రూ. 10,844. అంటే శ్రమ కాక గుడ్డుకు రూ. 4.18. శ్రమను చేర్చగా మొత్తం రూ. 21,794, గుడ్డుకు రూ. 8.41. అట్టలు, రవాణాకు 50 పైసలు, వ్యాధులు, జంతువుల వల్ల కలిగే అనూహ్య నష్టాలకు 10 శాతం చేరిస్తే గిట్టుబాటు ధర సుమారు రూ. 9.80 అవుతుంది.

ఇదే గుడ్డును గ్రామంలోని కిరాణా కొట్టుకు ఆరు రూపాయలకు వేసినప్పుడు ఏమి జరుగుతున్నది? పెంపకందారు దృష్టిలో గుడ్డుకు రూ. 1.82 మిగులుతున్నది, ఏడాదికి రూ. 4,708 చేతికి వస్తున్నది. ఇది ఆమెకు లాభంగానే తోస్తుంది. కాని ఆ మొత్తాన్ని ఆమె వెచ్చించిన గంటలతో భాగిస్తే గంటకు రూ. 17 మాత్రమే. అనేక గ్రామాలలో రెండు మూడేళ్లకు పెరటి మందలు తరిగిపోవడానికి వ్యాధులు ఒక కారణమైతే, ఈ కనిపించని నష్టం మరొక కారణమని గుర్తించాలి.

గుడ్ల సంఖ్య ధరను ఎంతగా మార్చుతుందో గమనించాలి. పెట్టకు 150కి బదులు 110 గుడ్లే వస్తే, మిగిలిన ఖర్చులు మారకపోయినా, గుడ్డు వ్యయం రూ. 11.46కు పెరుగుతుంది. కొక్కెర తెగులు టీకా సకాలంలో వేయించడం, వేసవిలో నీడ, చల్లని నీరు కల్పించడం ఆరోగ్య చర్యలే కాక ధరను తగ్గించే చర్యలు కూడా.

మందను పెంచితే వ్యయం తగ్గుతుందన్న సూచన తరచుగా వినబడుతుంది. 40 పెట్టలకు శ్రమ గంటకు మించదనుకొంటే గుడ్డు వ్యయం రూ. 7.00కు దిగుతుంది. అయితే పెరడు పెరగదు. అక్కడ దొరికే పురుగులు, గింజలు రెండింతల కోళ్లకు చాలవు. చేతి మేత పెట్టకు 75 గ్రాములకు పెంచవలసివస్తే వ్యయం తిరిగి రూ. 8.52కు చేరి, చిన్న మంద స్థాయిని దాటుతుంది. కనుక మంద పరిమాణాన్ని పెరటి మేత లభ్యతను బట్టి నిర్ణయించాలి.

అసీలు వంటి దేశవాళీ కోళ్లకు ఈ గణన వర్తించదు. అవి ఏడాదికి పెట్టే కొద్దిపాటి గుడ్లను తినే గుడ్లుగా అమ్మడం నష్టదాయకం. పన్నెండు గుడ్లు పొదిగించి ఎనిమిది పిల్లలను రూ. 50 చొప్పున అమ్మగలిగినా గుడ్డుకు రూ. 33 రాబడి వస్తుంది. అక్కడ గుడ్డు విలువను పిల్ల ధర నిర్ణయిస్తుంది.

ధరను నిలబెట్టే మార్గాలు

గిట్టుబాటు ధర లెక్కించడం ఒక ఎత్తు, కొనుగోలుదారు దానిని చెల్లించడం మరొక ఎత్తు. కొట్టుకు వేసే గుడ్డు పంజరపు గుడ్డుతో నేరుగా పోటీ పడుతుంది. పట్టణంలోని ఇళ్లకు వారం వారం నియమంగా ఇచ్చే గుడ్డుకు ఆ పోటీ తక్కువ. ఏరిన తేదీ వ్రాయడం, మురికి గుడ్లను వేరుచేయడం, పరిమాణం ప్రకారం అట్టలు కట్టడం వల్ల నమ్మకం కుదురుతుంది. శ్రావణ, కార్తీక మాసాలలో గిరాకీ తగ్గినప్పుడు ధర తెగ్గోయడం కంటే ఆ రోజులలో ఇంటి వాడకాన్ని పెంచుకోవడం మేలు. ఒకసారి దిగిన ధర మళ్లీ ఎక్కడం కష్టం.

చెప్పే మాట నిజమై ఉండాలి. పెంకు రంగు కోడి జాతిని బట్టి వస్తుంది. దానికి పోషక విలువతో సంబంధం లేదు. పచ్చసొన ముదురు రంగు తిన్న ఆకుల వల్ల వస్తుంది. గ్రామప్రియ గుడ్డును ‘నాటు గుడ్డు’ అని అమ్మరాదు. ‘పెరటి గుడ్డు’ అనడం సముచితం. మందులు వాడినప్పుడు లేబుల్‌పై సూచించిన విరామ కాలంలో గుడ్లను అమ్మరాదు.

విస్తరణ కార్యకర్తలకు సూచనలు

పెంపకందారులకు పిల్లలను పంపిణీ చేసిననాడే ఒక చిన్న పుస్తకం కూడా ఇవ్వాలి. రోజువారీ గుడ్లు, కొన్న మేత, చనిపోయిన కోళ్లు, వెచ్చించిన సమయం – ఈ నాలుగు అంశాలు వ్రాస్తే చాలు. చదువు రానివారికి గోడపై గీతల పద్ధతి పనికివస్తుంది. మూడు నెలలకొకసారి ఆ అంకెలతో వారి ఎదుటనే లెక్క కట్టి చూపాలి. విద్యార్థులు తమ క్షేత్రానుభవ కార్యక్రమంలో కనీసం ఐదు మందలకు ఈ గణనను చేసి పోల్చడం అభిలషణీయం.

ముగింపు

పెరటి గుడ్డు ధరను పంజరపు గుడ్డు ధరకు కట్టివేయడం మొక్కజొన్న ధరతో స్త్రీ శ్రమకు విలువ కట్టడమే. వ్యయంలో సగం శ్రమే అయినప్పుడు ధర నిర్ణయం కూడా అక్కడి నుండే మొదలు కావాలి. బజారు ఆ ధరను ఇవ్వని చోట తన శ్రమకు ఎంత తక్కువ దక్కుతున్నదో పెంపకందారు తెలుసుకొని, ఆపై కొనసాగించాలా వద్దా అని నిర్ణయించుకోగలగాలి. ఆ తెలివిడిని కలిగించడం విస్తరణ శాస్త్రవేత్త బాధ్యత.