శాటిలైట్ లింకు... లాగిన్ నత్తనడక

ప్రశ్న: సముద్రంలోని మా రిగ్‌లో 40 మంది పనిచేస్తాం. లాగిన్ కాకినాడ ఆఫీసులోని యాక్టివ్ డైరెక్టరీ మీదుగా జరుగుతుంది. శాటిలైట్ లింకు తెగితే అందరం చేతులు ముడుచుకోవాల్సిందే. దారేమిటి?

జవాబు: భూస్థిర ఉపగ్రహం దాదాపు 36 వేల కిలోమీటర్ల ఎత్తులో ఉంటుంది. అడిగిన మాట వెళ్లి, జవాబు తిరిగొచ్చేసరికే అర సెకను. లాగిన్‌లో అలాంటి రాకపోకలు చాలా ఉంటాయి. బ్యాండ్‌విడ్త్ పెంచినా ఈ జాప్యం తగ్గదు.

అందుకే, లింకు తెగినా లాగిన్ సాగేలా రిగ్‌లోనే రీడ్-ఓన్లీ డొమైన్ కంట్రోలర్ పెట్టండి. దాన్నే గ్లోబల్ కేటలాగ్‌గా చేయండి. రిగ్‌ను వేరే సైట్‌గా చూపి, దాని సబ్‌నెట్‌ను కలపండి. ఇది మరిచిపోతే కంప్యూటర్లు మళ్లీ కాకినాడకే పరుగెత్తుతాయి.

పాస్‌వర్డ్ రెప్లికేషన్ పాలసీలో ఉద్యోగులతోపాటు కంప్యూటర్ ఖాతాలనూ చేర్చి, వాటి పాస్‌వర్డ్‌లను రిగ్‌లోని కంట్రోలర్‌లో ముందే నింపిపెట్టండి. ఒక్కటి తప్పినా లింకు లేనప్పుడు లాగిన్ కాదు. అడ్మిన్ ఖాతాలను మాత్రం చేర్చకండి.

సైట్ల మధ్య రెప్లికేషన్ మామూలుగా 180 నిమిషాలకోసారి. లింకు ఖాళీగా ఉండే వేళలకు షెడ్యూల్ మార్చుకోండి. డైరెక్టరీ మొదటి డేటాను డిస్కులో రిగ్‌కు పంపి, దాంతోనే అక్కడ కంట్రోలర్‌ను ఇన్‌స్టాల్ చేయండి. పాస్‌వర్డ్ మార్చాలంటే మాత్రం లింకు ఉండాల్సిందే.